మైనర్‌గా స్టాటిస్టిక్స్ తీసుకోమంటారా?

ప్రశ్న: మాస్టారూ, నేను బీఎస్సీ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. మేజర్ గణితం. మైనర్‌గా స్టాటిస్టిక్స్ తీసుకోవాలని ఉంది. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తా. కంప్యూటర్ సైన్స్ అయితేనే ఉద్యోగం వస్తుందని ఆయన పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: స్టాటిస్టిక్సే తీసుకో తల్లీ. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

డిగ్రీలో నేను చదివింది ఎంపీసీ, అంటే గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. ఎంఎస్సీ గణితం పూర్తయ్యాక ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (కేంద్ర ప్రభుత్వంలో గణాంక అధికారుల ఉద్యోగాలు) పరీక్ష ప్రకటన చూసి ఎంతో సంబరపడ్డాను. తీరా చదివితే, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా అందులోనే పీజీ చేసి ఉండాలి. నాకు రెండూ లేవు. ఆ దరఖాస్తు చాలా ఏళ్లు నా పెట్టె అడుగున ఉండిపోయింది. ఆ నిబంధన నేటికీ ఉంది. అందుకే, నీ మార్కుల జాబితాలో ఆ పేపర్లు స్టాటిస్టిక్స్ పేరుతోనే నమోదవుతాయా అని కాలేజీలో ముందే అడిగి తెలుసుకో.

ఉద్యోగం సంగతి అలా ఉంచు. ఈ రెండు సబ్జెక్టులకూ ఉన్న చుట్టరికం చూడు. ఇ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ అనే ప్రమేయానికి మామూలు సూత్రాలతో సమాకలని (ఇంటెగ్రల్) దొరకదు. కానీ మైనస్ అనంతం నుంచి ప్లస్ అనంతం వరకు ఆ సమాకలని విలువను వర్గం చేసి, ద్విసమాకలనిగా రాసి, ధ్రువ నిరూపకాల్లోకి (పోలార్ కోఆర్డినేట్స్) మారిస్తే రెండు మెట్లలో 'పై' వచ్చేస్తుంది. దాని వర్గమూలమే జవాబు. గణితం క్లాసులో అదొక లెక్క, అంతే. స్టాటిస్టిక్స్ క్లాసులోకి వెళ్తే, గంట ఆకారంలో ఉండే నార్మల్ వక్రం సూత్రంలో హారంలో ఉన్న రూట్ రెండు పై అక్కడి నుంచే వచ్చిందని తెలుస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లల ముఖాల్లో కనిపించిన వెలుగు నాకింకా గుర్తుంది.

నూజివీడు, నందిగామల్లో బడి చదువు చదివిన ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు కూడా ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేశారు. ఆ తర్వాతే కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎంఏ. అంచనాలు ఎంత కచ్చితంగా కట్టగలమో చెప్పే క్రామర్-రావు అసమానత, ఆ అంచనాలను మెరుగుపరిచే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ 1945లో ఆయన రాసిన ఒకే వ్యాసంలో ఉన్నాయి. అప్పటికి ఆయన పాతికేళ్ల యువకుడు.

మీ నాన్నగారి బెంగ న్యాయమైనదే. ప్రోగ్రామింగ్ రావాలి. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు రెండూ ఉచితంగా దొరుకుతాయి, సెలవుల్లో మొదలుపెట్టు. అయితే మీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుకున్న అధ్యాపకులే ఆ పాఠం చెబుతున్నారో లేదో కనుక్కో. ఖాళీ ఉందని మరొకరిచేత చెప్పిస్తుంటే మాత్రం నాకు మళ్లీ రాయి, అప్పుడు వేరే దారి ఆలోచిద్దాం.

ఈలోగా ఒక పని చేయి. తేజ రకం క్వింటా ధర ఒక నెలపాటు రోజూ మీ నాన్నగారినే అడిగి పుస్తకంలో రాసుకో. వారంవారీగా సగటు, విస్తృతి (ధరలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) కట్టి, ఏ వారం ధర ఎక్కువగా ఊగిందో ఆయనకు చూపించు. ఎందుకు ఊగిందో ఆయన చెబుతారు.