బంగారు పూత కేబులు కొనాలా?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో ఇల్లు కట్టుకుంటున్నాం. హాల్లో గోడకి 4కె టీవీ, కింద సౌండ్‌బార్, సెట్‌టాప్ బాక్సు, మా అబ్బాయి గేమ్ కన్సోల్. బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబులైతే బొమ్మ బాగుంటుందని షాపతను 4000 చెబుతున్నాడు. తీసుకోమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి ఒకట్లు, సున్నాలు. అవి సరిగ్గా చేరితే చవక కేబులుతోనూ బొమ్మ అదే. చేరకపోతే తెరమీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ పోతూ వస్తూ ఉంటుంది. రంగు వెలిసినట్టు కనిపించడం పాత పసుపు, ఎరుపు, తెలుపు వైర్లనాటి బాధ. బంగారు పూత పిన్నుకి తుప్పు పట్టనివ్వదు, మన ఉప్పుగాలికి అది మంచిదే. కానీ మామూలు కేబుళ్లకీ ఆ పూత ఉంటోంది, దానికోసం వేలు పోయక్కర్లేదు.

చూడాల్సింది వేగం. హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సుకి దాంతో వచ్చిన కేబులే చాలు. 4కె బొమ్మ సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే సెకనుకి 18 గిగాబిట్లు మోసే ‘ప్రీమియం హై స్పీడ్’ కేబులు తీసుకోండి. కన్సోల్ 4కెలో 120 ఫ్రేములు ఇచ్చేదైతే 48 గిగాబిట్ల ‘అల్ట్రా హై స్పీడ్’ కావాలి. ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో కొన్నా సరే, డబ్బులిచ్చే ముందు పెట్టెమీది లేబుల్‌ని హెచ్‌డీఎంఐ వాళ్ల యాప్‌తో స్కాన్ చేయండి. ‘2.1’ అని హెచ్‌డీఎంఐ వెర్షన్ నంబరు అచ్చేసినంత మాత్రాన నమ్మొద్దు.

టీవీ వెనక పోర్టులన్నీ ఒకటి కావు. సౌండ్‌బార్‌ని ‘ఈఏఆర్‌సీ’ లేదా ‘ఏఆర్‌సీ’ అని రాసున్న పోర్టుకే పెట్టాలి, టీవీ శబ్దాన్ని బయటికి పంపేది అదే. కొన్ని టీవీల్లో 120 ఫ్రేములు తీసుకునే పోర్టుల్లో అదీ ఒకటి. టీవీ కొనేముందే, సౌండ్‌బార్ పెట్టాక కన్సోల్‌కి అలాంటి పోర్టు ఇంకోటి మిగులుతుందా అని అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం గోడ, అది ఇంకా మీ చేతుల్లోనే ఉంది. కరెంటు వైర్లకి వేసే సన్న పైపులో హెచ్‌డీఎంఐ పిన్ను మలుపు తిరగదు. ప్లాస్టరింగ్‌కి ముందే టీవీ వెనక నుంచి కింద అరదాకా 50 మిల్లీమీటర్ల పైపు వేయించి, తర్వాత కేబులు లాగడానికి లోపల ఒక తాడు వదిలిపెట్టమనండి. కేబుల్ని మాత్రం సిమెంటులో పూడ్చనివ్వకండి, పాడైతే గోడ పగలగొట్టాల్సిందే. రేపు ప్రొజెక్టర్ పెట్టి పది మీటర్లు లాగాల్సివస్తే రాగి కేబులు వద్దు, వెలుగు రూపంలో సిగ్నల్ పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి టీవీ లేదా ప్రొజెక్టర్ వైపు చివర, బాక్సు వైపు చివర వేరువేరు. తిరగేస్తే బొమ్మే రాదు. అందుకే పైపులోకి తోసే ముందు నేలమీదే పరిచి, ఒక చివర బాక్సుకి, ఇంకో చివర ప్రొజెక్టర్‌కి పెట్టి బొమ్మ వస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.