రాత్రికి రాత్రే నియమాలు మార్చేస్తే చెల్లుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది మిద్దె తోటలు పెంచుకునేవాళ్ల వాట్సాప్ బృందం. రిజిస్టర్ చేయించలేదు. మొత్తం 340 మందిమి. హైదరాబాద్, వరంగల్, విజయవాడ వాళ్లతోపాటు అమెరికాలో ఉన్నవాళ్లూ ఉన్నారు. చేరేటప్పుడే అందరం ఒప్పుకున్న నియమావళి ఉంది. ఏడాదికి 500 రూపాయల చందాతో విత్తనాలు, కొబ్బరి పొట్టు కొని పంచుకుంటాం. నియమావళిని సవరించాలంటే ముసాయిదాను 15 రోజుల ముందు అందరికీ పంపాలని, మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలని 14వ నియమం. పోయిన నెల ఒక రాత్రి పది గంటలకు అడ్మిన్ పోల్ పెట్టి, మర్నాడు సాయంత్రానికి ముగిసిందన్నారు. 118 మంది ఓటు వేస్తే 92 మంది అవునన్నారు. చందా 1,500 అయింది. అడ్మిన్‌కు ఉన్న రెండేళ్ల పదవీకాల పరిమితి పోయింది. ఇదేమిటని అడిగినందుకు నన్ను బృందంలోంచి తీసేశారు. ఇది చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: చెల్లదు. అందుకు మీ 14వ నియమమే ఆధారం.

340లో మూడింట రెండు వంతులంటే 227 మంది. మీ అడ్మిన్‌కు దొరికినవి 92. ఓటు వేసినవారిలో 78 శాతం మంది ఒప్పుకున్నారు కదా అని ఆయన వాదించవచ్చు. నియమంలో ‘ఓటు వేసిన సభ్యుల్లో’ అని రాసుకుని ఉంటే ఆ లెక్క నిలిచేది. ‘మొత్తం సభ్యుల్లో’ అని ఉన్నప్పుడు ఓటు వేయని 222 మందిని ఒప్పుకున్నవాళ్ల కింద జమ కట్టడం కుదరదు.

అంకెలకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ 15 రోజుల గడువును ఎగ్గొట్టడం. ముసాయిదా చదవడానికి, ‘1,500 ఎందుకు, 800 చాలదా’ అని మరో ప్రతిపాదన తేవడానికి, నలుగురితో మాట్లాడి ఒక నిర్ణయానికి రావడానికి ఇచ్చే సమయం అది. రాత్రి పదికి పోల్ పెడితే తొమ్మిదికే పడుకునే పెద్దవాళ్లు, మర్నాడంతా డ్యూటీలో ఉండేవాళ్లు దాన్ని చూసేసరికే ఫలితం వచ్చేసి ఉంటుంది. ఆ గడువు ఇవ్వకుండా 227 ఓట్లు తెచ్చుకున్నా ఆ సవరణను సవాలు చేయవచ్చు. చందానూ పదవీకాలాన్నీ ఒకే పోల్‌లో కట్టగట్టారో లేదో కూడా చూడండి. చందా పెంచడం సబబే అనుకున్నవాళ్లు పదవీకాలం గురించి విడిగా చెప్పే వీలే లేకపోతే, అది మరో లోపం.

రిజిస్టర్ కాని సంఘంలో నియమావళి అంటే సభ్యుల మధ్య ఒప్పందం. దాన్ని మార్చాలంటే అందరూ ఒప్పుకోవాలి, లేదా మార్చడానికి అందులోనే రాసుకున్న పద్ధతిని పాటించాలి. మూడో దారి లేదు. ‘మన గ్రూపులో 227 మంది ఏనాడూ ఓటు వేయరు’ అని అడ్మిన్ అంటే అది నిజమే కావచ్చు. అప్పుడు ముందుగా 14వ నియమాన్నే, ఆ నియమం చెప్పిన పద్ధతిలోనే, సడలించుకోవాలి. పోల్‌ను పది రోజులు తెరిచి ఉంచి, ఓటు వేయనివారికి ఫోన్లు చేయిస్తే అసాధ్యమేమీ కాదు.

ఓటింగ్ ఆన్‌లైన్‌లో జరగడం మాత్రం తప్పు కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులను, 10ఎ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఒప్పందాలను గుర్తిస్తుంది. డెబియన్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే స్వచ్ఛంద బృందాన్ని చూడండి. సభ్యులు ప్రపంచమంతటా ఉన్నారు. 1998లో రాసుకున్న సొంత రాజ్యాంగం ఉంది. దాన్ని సవరించాలంటే వ్యతిరేకులకు మూడింతల మంది అనుకూలంగా ఉండాలి. వారాల తరబడి చర్చ జరిగాకే ఓటు. ఎవరు ఎటు వేశారో బయటపెట్టకూడదన్న మార్పును కూడా 2022లో ఇదే పద్ధతిలో తెచ్చుకున్నారు. మీ వాట్సాప్ పోల్‌లో ఎవరు ఎటు వేశారో అందరికీ కనిపిస్తుంది. తీసేసే అధికారం ఉన్న అడ్మిన్ ఎదుట ‘కాదు’ అనడానికి ఎంతమంది జంకారో ఎవరు చెప్పగలరు?

ఇక మిమ్మల్ని తీసేసిన సంగతి. టి.పి. డేవర్‌కూ, లాడ్జ్ విక్టోరియా అనే ఫ్రీమేసన్ల సంఘానికీ మధ్య నడిచిన కేసులో 1962లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: సభ్యుణ్ణి బహిష్కరించాలంటే ఆ సంస్థ నియమాలు చెప్పిన పద్ధతిలోనే బహిష్కరించాలి. ఆ కేసులో డేవర్ ఓడిపోయారు, ఎందుకంటే ఆయనకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చారు. మీకు నోటీసు లేదు, సంజాయిషీ అడగలేదు. ఒక్క నొక్కుతో తీసేశారు.

ఆ చాట్‌ను ఫోన్‌లోంచి తొలగించకండి. బృందంలోంచి తీసేసినా పాత సందేశాలు మీ దగ్గర ఉంటాయి. ఇప్పుడే మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. స్క్రీన్‌షాట్లను కోర్టులో పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు నింపాలి.

ముందుగా అడ్మిన్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. సవరణ చెల్లదని, మిమ్మల్ని తిరిగి చేర్చుకోవాలని, నియమం ప్రకారం మళ్లీ ఓటింగ్ పెట్టాలని అడగండి. డబ్బు ఎవరి పేరున ఉన్న ఖాతాలో ఉందో వారికి కూడా ఒక ప్రతి పంపండి. 1,500 చెల్లించి ఊరుకోకండి, మీరూ ఒప్పుకున్నారంటారు. అభ్యంతరం తెలుపుతూ 500 పంపండి. అప్పటికీ దిగిరాకపోతే సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. నిర్దిష్ట పరిహార చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 34వ సెక్షన్ కింద సవరణ చెల్లదన్న ప్రకటనతోపాటు, దాన్ని అమలు చేయకుండా శాశ్వత నిషేధపుటుత్తర్వు కూడా అడగండి. నిషేధపుటుత్తర్వు లాంటి, అడగగలిగిన ఇతర ఉపశమనాన్ని అడగకుండా ప్రకటన మాత్రమే కోరితే దావా కొట్టేస్తారు. గడువు సాధారణంగా మూడేళ్లు. కేవలం కబుర్ల గ్రూపు అయితే కోర్టు కలుగజేసుకోవడం కష్టం. మీరు చందా కట్టారు, ఉమ్మడి నిధిలో మీకు వాటా ఉంది. మీ కేసుకు అదే బలం, అందుకే మీరు చందా కట్టిన రసీదులు అన్నీ వెతికి పెట్టుకోండి.