బీఈడీ తర్వాత ఉద్యోగమా, పరిశోధనా? గుణుపురం టీచరు ప్రశ్న

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, చదివిందంతా ఒడియా మాధ్యమం. బీఈడీ చేసి స్థానికంగా ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తున్నాను. నా తరగతిలో సరిగ్గా వినపడని అబ్బాయి ఒకడున్నాడు. ఇంట్లో సవర భాష తప్ప మరొకటి మాట్లాడని పిల్లలూ ఉన్నారు. వీళ్లకు పాఠం చెప్పడానికి బీఈడీలో నేర్చుకున్నది చాలడం లేదు. ఎంఈడీ, ఆపైన పీహెచ్‌డీ చేసి సమ్మిళిత విద్య (అన్ని రకాల పిల్లలకూ ఒకే బడిలో కలిపి చదువు చెప్పడం) మీద పనిచేయాలని ఉంది. సమాచార అక్షరాస్యత (కావలసిన సమాచారాన్ని వెతికి, సరైనదో కాదో తేల్చుకుని వాడుకునే నేర్పు) అంశం కూడా నచ్చింది కానీ, అది లైబ్రరీ సైన్సు వాళ్లదని తోటివారు అంటున్నారు. నాన్నగారు ముందు ఉద్యోగం సంగతి చూడమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు వెతుకుతున్న పరిశోధనాంశం మీ ఉత్తరంలోనే ఉంది. ‘నేర్చుకున్నది చాలడం లేదు’ అన్నారు. చాలనప్పుడు టీచరు ఎవరిని అడుగుతారు? పక్క తరగతి టీచరునా, బ్లాకు స్థాయి రిసోర్సు టీచరునా, యూట్యూబునా? దొరికిన సలహా సరైనదో కాదో ఎలా తేల్చుకుంటారు? ఈ ప్రశ్నల్లో మీకు నచ్చిన రెండు అంశాలూ ఉన్నాయి, ఉపాధ్యాయ విద్య కూడా ఉంది. వాటిని మూడు వేర్వేరు గదులుగా చూడకండి.

సమాచార అక్షరాస్యత అనే భావన 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ రాతల్లో మొదలై గ్రంథాలయ రంగంలో పెరిగిన మాట నిజమే. అది అక్కడే ఆగిపోలేదు. యునెస్కో 2011లో మీడియా, సమాచార అక్షరాస్యత మీద ప్రత్యేకించి ఉపాధ్యాయుల కోసమే ఒక పాఠ్యప్రణాళిక తెచ్చింది. కాబట్టి విద్యా విభాగంలో చేరి ఈ పని చేయడానికి అడ్డేమీ లేదు. తోటివారి మాట పక్కన పెట్టండి.

అంశాన్ని మాత్రం చిన్నది చేసుకోవాలి. ‘భారతదేశంలో సమ్మిళిత విద్య: సమస్యలు, పరిష్కారాలు’ లాంటి శీర్షికతో వెళ్తే మంచి పర్యవేక్షకులు మొదటి నిమిషంలోనే పక్కన పెడతారు, పెట్టాలి కూడా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీ బ్లాకు దాటకుండానే పని దొరుకుతుంది. ఉదాహరణకు, 1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆ 21 వైకల్యాల లక్షణాలను బడిలోనే ప్రాథమికంగా పసిగట్టడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ‘ప్రశస్త్’ అనే యాప్ తెచ్చింది. మీ చుట్టుపక్కల ప్రాథమికోన్నత బడుల్లో ఎందరు టీచర్లకు దాని సంగతి తెలుసు? తెలిసినవారికి శిక్షణలో తెలిసిందా, వాట్సాప్‌లో వచ్చిందా? వాడిన తర్వాత పిల్లవాడి విషయంలో ఏమైనా మారిందా? ఎంఈడీ డిసర్టేషన్‌కు ఇది సరిపోతుంది. సాగదీస్తే పీహెచ్‌డీకీ పునాది అవుతుంది.

ఒక జాగ్రత్త. వినపడని పిల్లవాడినీ, సవర మాట్లాడే పిల్లలనూ ఒకే ప్రశ్నావళిలో కలపకండి. సమ్మిళిత విద్య మీద వచ్చిన అంతర్జాతీయ పత్రం, 1994 సలమాంకా ప్రకటన, సమ్మిళిత విద్యలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలను కూడా చేర్చింది కానీ, సవర రావడం లోపం కాదు. అక్కడ లోపం బడిది. ఒడిశా 2006–07లో పది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు వాటిలో సవర ఉంది. అంతకు చాలా ముందే మీ పొరుగున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన సవర భాషా గ్రంథం ఒకటి 1931లో మద్రాసు ప్రభుత్వ ప్రచురణగా వచ్చింది. మనం ఆయనను వ్యావహారిక భాషకే పరిమితం చేసి, ఏటా ఆగస్టు 29న దండ వేసి ఊరుకుంటున్నాం. మీరు భాష వైపు వెళ్తే మొదట చదవవలసింది ఆయననే. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన మీకు అక్కడ భువనేశ్వర్ విద్యార్థి కంటే ఎక్కువ వీలుంది. సవర కూడా కొంత నేర్చుకోండి.

ఇక నాన్నగారి మాట. సగం ఒప్పుకుంటాను. ఎంఈడీ రెండేళ్లు, పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు. ఇల్లు రెండేళ్లు మోయగలిగితే ఎంఈడీ ఇప్పుడే, రెగ్యులర్‌గా చేయండి. భువనేశ్వర్‌లోని ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యా సంస్థకు తప్పకుండా దరఖాస్తు పెట్టండి. కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి. ‘హాజరు అక్కర్లేదు, ఫీజు కట్టండి చాలు’ అనే కళాశాల గడప తొక్కవద్దు. అక్కడ పట్టా వస్తుందేమో కానీ పరిశోధన నేర్పేవారు ఉండరు.

ఎంఈడీలో 55 శాతం తగ్గకుండా చూసుకుని, విద్యాశాస్త్రంలో యూజీసీ నెట్ అర్హత పరీక్ష రాయండి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. నాన్నగారికి ఈ అంకె ముందు చెప్పండి. జేఆర్‌ఎఫ్ రాకపోయినా 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశం పొందే వీలుంది. అప్పుడు స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ.

ఇల్లు మోయలేకపోతే ఉద్యోగమే ముందు. పనిచేసేచోటు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే పార్ట్‌టైం పీహెచ్‌డీకి యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి. దూరవిద్యలో మాత్రం పీహెచ్‌డీ చెల్లదు. ఉద్యోగానికి ఒడిశా టెట్ రెండో పేపరు, సెకండరీ టీచర్ల అర్హత పరీక్ష మీద దృష్టి పెట్టండి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బీఈడీ వారికి ప్రాథమిక తరగతుల ఉద్యోగాలు లేవు. సరిహద్దు పిల్లలు చాలామంది ఆంధ్ర డీఎస్సీ మీద ఆశ పెట్టుకుంటారు. అక్కడ స్థానికతకు చదివిన చోటు ముఖ్యం. చదువంతా ఒడిశాలో సాగిన మీరు స్థానికేతరుల కిందికి వస్తారు, వారికి పోస్టులు చాలా తక్కువ. ఆ పరీక్ష రాయండి కానీ దాన్నే నమ్ముకోకండి.

అసలు మీకు కావలసింది పరిశోధనేనా, లేక ఆ అబ్బాయికి పాఠం చెప్పగలగడమా? రెండోదే అయితే పీహెచ్‌డీ చుట్టుదారి. భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక విద్య కోర్సు చేసి, మండలిలో నమోదు చేసుకోవాలి. మామూలు బీఈడీతో ఆ అర్హత రాదు. వినికిడి రంగానికి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది, సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న ప్రమాణం వచ్చింది. నియామకాలు నత్తనడకన సాగుతున్నా, ఈ అర్హత ఉన్నవారు మన సరిహద్దు జిల్లాల్లో అరుదు. దీన్ని చిన్నచూపు చూడకండి. ఈలోగా ఆ అబ్బాయిని మీ ముఖం కనబడేలా ముందు బెంచీలో కూర్చోబెట్టి, జిల్లా ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పండి.

పరిశోధనే అని తేల్చుకుంటే ఈ వేసవిలోనే పని మొదలుపెట్టండి. భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలుండే శోధ్‌గంగ వెబ్‌సైటులో ఉపాధ్యాయుల సమాచార అన్వేషణ మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవవచ్చు. విదేశీ వ్యాసాలకు విద్యారంగ పరిశోధనల ఎరిక్ (ERIC) డేటాబేస్ ఉంది. మంచివి, చెడ్డవి రెండూ చదవండి, చెడ్డవాటి నుంచి కూడా నేర్చుకోవలసింది ఉంటుంది. ‘వారంలో ప్రచురిస్తాం, ఇంత పంపండి’ అనే పత్రికల మెయిళ్లు మీకూ వస్తాయి. నమ్మదగిన పరిశోధన పత్రికలను చూపే కేర్ జాబితాను యూజీసీ 2025లో ఎత్తేసింది కాబట్టి పత్రిక మంచిచెడ్డలు ఇక మీరూ మీ పర్యవేక్షకులే చూసుకోవాలి. సంపాదక వర్గంలో ఉన్నవారు నిజంగా ఆ విశ్వవిద్యాలయంలో ఉన్నారో లేదో ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో సరిచూసిన తర్వాతే వ్యాసం పంపండి.