తోటిపిల్లల మెప్పు మీద పరిశోధన ఒక వృత్తి అవుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బి.ఎ. సైకాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. క్లినికల్ కోర్సు చేసి ఏదైనా ఆసుపత్రిలో స్థిరపడుతుందని మేము అనుకున్నాం. తను మాత్రం బడిపిల్లల్లో ఎవరికి ఎందుకు పేరొస్తుందో, ఎవరిని ఎందుకు దూరం పెడతారో పరిశోధిస్తానంటోంది. అమెరికాలో మిచ్ ప్రిన్‌స్టీన్ అనే ఆయన ఈ పనితోనే పెద్ద ప్రొఫెసరయ్యారని చెబుతోంది. ఇది నిజంగా శాస్త్రమేనా? దీనితో బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: మీ రెండో ప్రశ్నకు జవాబు మొదటిదాని మీద ఆధారపడి ఉంది కాబట్టి ముందుగా అది శాస్త్రమేనా అన్న సంగతి చూద్దాం. తరగతిలో ఫేమస్ ఎవరో ప్రతి పిల్లవాడికీ తెలుసు. అందరికీ తెలిసిన దాన్ని తేల్చడానికి పరిశోధకుడు దేనికన్న అనుమానం మీకు కలగడం సహజమే. అయితే, కొలవడం మొదలుపెట్టిన తరువాతే, మనం ఒక్కటే అనుకుంటున్నది నిజానికి రెండు వేర్వేరు విషయాలని తేలింది.

ఎవరి పక్కన కూర్చోవాలని ఉందో పిల్లలనే అడిగి, వచ్చిన జవాబులను గీతలతో పటంగా వేసే పద్ధతిని 1934లో జేకబ్ మొరెనో తన పుస్తకంలో వివరించారు. 1982లో జాన్ కోయి, కెనెత్ డాడ్జ్, కాపొటెల్లి అనే ముగ్గురు దానికి కచ్చితమైన లెక్కను జోడించారు. నీకు బాగా ఇష్టమైన ముగ్గురి పేర్లు, ఏమాత్రం ఇష్టంలేని ముగ్గురి పేర్లు చెప్పమని తరగతిలో ప్రతి ఒక్కరినీ అడుగుతారు. ఒక పిల్లవాడికి వచ్చిన ఇష్టాల్లోంచి అయిష్టాలను తీసివేస్తే వాడంటే తరగతికి ఎంత అభిమానమో తెలుస్తుంది. రెండింటినీ కలిపితే వాడు ఎంతమంది దృష్టిలో ఉన్నాడో తెలుస్తుంది. ఈ రెండు లెక్కలతో పిల్లలు ఐదు రకాలుగా విడిపోతారు: ఎక్కువమంది ఇష్టపడేవారు, ఎక్కువమంది దూరం పెట్టేవారు, అసలు ఎవరి దృష్టికీ రానివారు, కొందరికి ప్రాణమై మరికొందరికి బొత్తిగా గిట్టనివారు, మిగిలిన మధ్యస్థులు. వీరిలో దూరం పెట్టబడిన పిల్లవాడి పరిస్థితి వేరు, ఎవరి దృష్టికీ రాని పిల్లవాడి పరిస్థితి వేరు. మన పేరెంట్స్ మీటింగుల్లో మాత్రం ఇద్దరి గురించీ “ఎవరితోనూ కలవడండీ” అనే ఒక్క మాటే వినిపిస్తుంది.

ఆ తరువాత 1998లో పార్క్‌హర్స్ట్, హాప్‌మేయర్ అనే పరిశోధకులు “నీకెవరంటే ఇష్టం” అన్న ప్రశ్నకు తోడు “మీలో పాపులర్ ఎవరు” అని కూడా విడిగా అడిగారు. రెండు జాబితాలు సరిపోలలేదు. పాపులర్ అని తరగతి ఒప్పుకున్నవారిలో చాలామందిని అదే తరగతి అంతగా ఇష్టపడడం లేదు; వారు పెత్తనం చేస్తారని, గర్విష్ఠులని తోటివారే చెప్పారు. నలుగురికీ నచ్చడం వేరు, నలుగురిలో పైచేయిగా ఉండడం వేరు అన్న ఈ తేడా చుట్టూనే మీ అమ్మాయి కోరుకుంటున్న రంగమంతా అల్లుకుని ఉంది.

ఇక ప్రిన్‌స్టీన్ విషయం. మయామీ విశ్వవిద్యాలయంలో ఆనెట్ లాగ్రెకా దగ్గర ఆయన చేసిన డాక్టరేటు క్లినికల్ సైకాలజీలోనిదే. అంటే మీరు కోరుకునే చదువూ మీ అమ్మాయి కోరుకునే పరిశోధనా ఒకే మనిషిలో ఇమిడిన సందర్భమిది. ఇంట్లో వాదన జరుగుతుంటే ఈ సంగతి ఇద్దరికీ పనికొస్తుంది. తరువాత ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో పాపులారిటీ మీద ఒక కోర్సు పెడితే విద్యార్థులు వందల సంఖ్యలో వచ్చారు. 2004 నుంచి నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయపు చాపెల్ హిల్ ప్రాంగణంలో పనిచేస్తున్నారు. జెఫ్రీ కోహెన్‌తో కలిసి ఆయన 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ వృత్తిలో పని ఎలా ఉంటుందో చక్కగా చూపిస్తుంది. పదకొండో తరగతి అబ్బాయిలను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తమ బడిలోని మరికొందరితో చాట్ చేస్తున్నట్లు నమ్మించారు. అవతల నిజానికి ఎవరూ లేరు, జవాబులన్నీ ముందే రాసిపెట్టినవి. దూకుడుగా ప్రవర్తించడాన్నీ ప్రమాదకరమైన పనులనూ సమర్థించే ఆ జవాబులు బడిలో పైచేయి ఉన్నవారివని అనుకున్నప్పుడు అబ్బాయిలు వాటికి ఎక్కువగా తలొగ్గారు, అంతగా పేరులేనివారివని అనుకున్నప్పుడు అంతగా లొంగలేదు. ఎవరూ చూడడం లేదనుకున్న సమయంలో కూడా ఆ ప్రభావం కొంత నిలిచింది. ఇలాంటి పనుల మీద నిలబడే ఆయన 2017లో సాధారణ పాఠకుల కోసం పుస్తకం రాశారు, 2021లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో ప్రధాన విజ్ఞానాధికారి అయ్యారు, 2023లో పిల్లలూ సోషల్ మీడియా అన్న అంశంపై అమెరికా సెనేట్ కమిటీ ఎదుట సాక్ష్యం చెప్పారు.

అక్కడి ఫలితాలను తెచ్చి బెంగళూరు పిల్లలకు అంటించవచ్చా అంటే కూడదని నా అభిప్రాయం, మీ అమ్మాయికి అసలు పని అక్కడే ఉంది. షాంఘైలో షిన్‌యిన్ చెన్ బృందం 1990, 1998, 2002 సంవత్సరాల బడిపిల్లలను పోల్చి చూసింది. 1990లో బిడియస్థులైన పిల్లలను తోటివారు ఆదరించారు. మార్కెట్టు ఆర్థిక వ్యవస్థ ఆ నగరాన్ని మార్చివేసిన తరువాత, 2002 నాటికి, అదే బిడియం ఉన్న పిల్లలను దూరం పెట్టసాగారు. ఒకే ఊళ్లో పుష్కరకాలంలో ఇంత మార్పు వస్తే, ఆ కాలంలోనే ఐటీతో రూపు మారిన బెంగళూరులో ఏం జరిగిందని అడగడానికి ఎవరికైనా మనసవుతుంది. పైగా అమెరికా హైస్కూల్లో పీరియడుకొక తరగతి మారే పిల్లలకు, ఇక్కడ ఏడాదంతా ఒకే సెక్షన్లో, తెలుగు, కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవారి మధ్య కూర్చునే పిల్లలకు గుంపులు కట్టే తీరు ఒకటి కాదు. మార్కులతో వచ్చే హోదా సంగతి చెప్పనే అక్కరలేదు. ర్యాంకులను బట్టి సెక్షన్లు విడదీసే మన జూనియర్ కాలేజీల్లో పిల్లలు నిర్ణయించుకోక ముందే యాజమాన్యం నిర్ణయించేస్తుంది.

బతుకుతెరువు విషయంలో నేను తీపి మాటలు చెప్పను. ఎం.ఎ. లేదా ఎం.ఎస్సీ., ఆ తరువాత పీహెచ్‌డీ; మన దేశంలో కళాశాల అధ్యాపక వృత్తికి యూజీసీ నెట్ కూడా చూసుకోవాలి. అమెరికాలో క్లినికల్ పీహెచ్‌డీకి సాధారణంగా ఐదారేళ్లు పడుతుంది, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మంచి విభాగాల్లో ఫీజు మినహాయింపూ స్టైపెండూ ఇస్తారు కానీ సీట్లు బహు తక్కువ. ఇక్కడ రోగులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుగా ఉండాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు తప్పనిసరి. ఆ శిక్షణకు మీరుంటున్న బెంగళూరులోనే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. కేవలం పరిశోధనకు ఆ నమోదు అక్కరలేదు, అయినా చేతిలో ఉంటే ధైర్యం. కోర్సుల నియమాలు ఈ మధ్య మారుతున్నాయి కాబట్టి చేరే ముందు కౌన్సిల్ గుర్తింపు జాబితా చూసుకోండి. 2025 ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో చెప్పకూడదని యూజీసీ ఆదేశించిందన్నది కూడా గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముందు, మీ అమ్మాయికి స్టాటిస్టిక్స్ అంటే ఇష్టమో కాదో కనుక్కోండి. ఈ పనిలో పిల్లలతో మాట్లాడే గంటలకన్నా, ఏళ్ల తరబడి సేకరించిన జవాబుల్లో బడి మారినవారివీ సెలవు పెట్టినవారివీ ఖాళీలు సరిచూసుకునే గంటలే ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఎవరో పరిశోధన చేస్తున్నారని బడి నుంచి అంగీకార పత్రం పంపారు. తరగతిలో ఎవరంటే ఇష్టమో, ఎవరంటే ఇష్టం లేదో పిల్లలు పేర్లు రాయాలట. ఇది పిల్లల మధ్య తగవులు పెట్టడం కాదా? సంతకం చేయమంటారా?
– ఒక తల్లి, హొరమావు

జవాబు: మీ సందేహం ఈ రంగంలో పనిచేసేవారికి కొత్త కాదమ్మా; “ఇష్టంలేని వారెవరు” అన్న ప్రశ్న వేయవచ్చా అని వారిలో వారే చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆ ప్రశ్న తరువాత పిల్లలు ఎలా ప్రవర్తించారో పిల్లలనూ ఉపాధ్యాయులనూ అడిగి చేసిన పరిశీలనల్లో చెప్పుకోదగ్గ హాని కనబడలేదు. అయినా, జాగ్రత్తలు పాటించినప్పుడే ఆ మాట వర్తిస్తుంది. పేర్లకు బదులు సంకేత సంఖ్యలు వాడుతున్నారా, పక్కవాడికి కనబడకుండా రాయిస్తున్నారా, భోజన విరామానికి ముందు కాకుండా తరువాత వేరే పాఠం ఉన్న పీరియడులో పెడుతున్నారా అని అడగండి. రాసిన వెంటనే ఆటస్థలంలోకి వదిలితే “నువ్వెవరిని రాశావురా” అన్నదే మొదటి మాటవుతుంది. ఏ సంస్థ నైతిక కమిటీ దీన్ని ఆమోదించిందో కూడా పత్రంలో ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మీ అబ్బాయి వయసు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు, పిల్లవాడి రాతపూర్వక సమ్మతి కూడా కావాలి. వద్దని వాడంటే అక్కడితో ఆగవలసిందే.

వీటికి సరైన జవాబులొస్తే నేనైతే సంతకం చేస్తాను. జవాబులు రాకపోతే, అయిష్టం ఊసు లేకుండా తరగతిలో ప్రతి ఒక్కరితో ఆడుకోవడం ఎంత ఇష్టమో ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయించే పద్ధతి కూడా ఉందని వారికి చెప్పండి. ఒక్క మనవి: మా వాడికి ఎన్ని వచ్చాయని తరువాత మీరు అడగకూడదు. మీకు చెప్పే పరిశోధకుడు ఇంకొకరికి మీ అబ్బాయి సంగతి కూడా చెబుతాడు.

ప్రశ్న: మాది చిత్తూరు, బెంగళూరులో ఎం.ఎ. సైకాలజీ చదువుతున్నాను. బడిలో పాపులర్‌గా వెలిగినవారు పెద్దయ్యాక వెనకబడతారని ఒక పరిశోధనలో తేలిందని విన్నాను. నిజమేనా? దీన్నే నా ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, జయనగర

జవాబు: మీరు విన్నది 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ ఆలెన్ బృందం ప్రచురించిన పరిశోధన అయి ఉంటుంది. వారు 184 మందిని పదమూడో ఏట నుంచి ఇరవై మూడో ఏడు వరకు గమనించారు. అయితే అందులో వెనకబడినవారు పాపులర్ పిల్లలందరూ కారు. పదమూడేళ్లకే ప్రేమ వ్యవహారాలు, చిన్నచిన్న అల్లరి నేరాలు, అందగాళ్లతోనే స్నేహం అన్న పద్ధతిలో పెద్దవారిలా కనబడాలని ఆరాటపడినవారు మాత్రమే. వారికి అప్పట్లో వచ్చిన పేరు కొన్నేళ్లలోనే తగ్గిపోయింది, ఇరవై మూడేళ్లకు మద్యం, మాదకద్రవ్యాల ఇబ్బందులూ సన్నిహిత సంబంధాల్లో చిక్కులూ ఎక్కువగా కనిపించాయి.

పదేళ్ల పనిని ఎం.ఎ. ప్రాజెక్టులో చేయలేరు. దానికి బదులు ఒకే బడిలో రెండు సెక్షన్లు తీసుకుని, ఇష్టం గురించిన ప్రశ్ననూ పేరు గురించిన ప్రశ్ననూ విడివిడిగా ఒక టర్ములో రెండుసార్లు అడిగి, రెండింటిలో ఏది ఎక్కువ నిలకడగా ఉందో చూడండి. కన్నడం బాగా వచ్చిన సహాధ్యాయిని వెంట ఉంచుకోండి. మొదటి విడతను బడి తెరిచిన వారంలోనే పెట్టకండి. కొత్తగా కలిపిన సెక్షన్లో పిల్లలకు ఇంకా ఒకరి పేరొకరికి తెలియదు కాబట్టి నిరుటి స్నేహాలనే రాసి ఇస్తారు. కనీసం నెలరోజులు గడవనివ్వండి, అనుమతి ఉత్తరాలు మాత్రం వేసవి సెలవులకు ముందే ప్రధానోపాధ్యాయుల చేత సంతకం చేయించుకోండి.