అక్క ఇంట్లో బస ఉచితమే, ఆస్పత్రి కాదు

ప్రశ్న: మాది వరంగల్. ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 86,000 వస్తుంది, ఇంటి లోన్ కిస్తీతో కలిపి ఖర్చు 62,000. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 1,60,000 ఉంది. ఆఫీసు హెల్త్ పాలసీలో నేను, భార్య, ఆరేళ్ల బాబు ఉన్నాం. ఆ పాలసీలో అమ్మ పేరు లేదు. మా బావగారు కెన్యాలో కిసుము దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరు. అక్కను చూసి చాలా కాలమైందని అమ్మ (64 ఏళ్లు, షుగర్ ఉంది) బెంగ పెట్టుకుంది. వేసవి సెలవుల్లో నలుగురం వెళ్దామనుకుంటున్నాం. బస అక్కావాళ్లింట్లోనే. టికెట్లకు 2.3 లక్షలు, మసాయి మారా సఫారీకి 1.6 లక్షలు, మిగతావాటికి 60,000 అనుకుంటున్నా. 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, మిగతాది డిపాజిట్ నుంచి తీసి, అక్కడి ఖర్చులకు క్రెడిట్ కార్డు వాడితే సరిపోతుందా? టికెట్ల ఆఫర్ ఈ వారమే ఉంది.

జవాబు: ఆ టికెట్లు ఈ వారం కొనకండి. లోన్‌కు అప్లై చేసి ఉంటే ఆపేయండి.

విదేశంలో బంధువులున్నవాళ్ల నుంచి ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తాయి. హోటల్ ఖర్చు లేదు కాబట్టి ట్రిప్ చౌకే అనుకుంటారు. టికెట్లు, సైట్ సీయింగ్ కలిపి బడ్జెట్ అంటారు. మీ లెక్కలో కూడా ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అన్న ప్రశ్నకు ఒక్క రూపాయి లేదు. పైగా ఆ అవసరానికి ఉన్న 1,60,000నే ముందు తీసేస్తున్నారు.

కిసుము గురించి తెలిస్తే ఈ తొందర ఎందుకు కూడదో మీకే అర్థమవుతుంది. నైరోబీ ఎత్తయిన ప్రాంతం, అక్కడ మలేరియా భయం తక్కువ. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, కెన్యాలో మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఇదొకటి. అక్కావాళ్లు ఆ జాగ్రత్తలకు అలవాటు పడి ఉంటారు. మీరు బయల్దేరే ముందే డాక్టర్ని కలిసి నివారణ మాత్రలు రాయించుకోవాలి. దోమ కుట్టిన వారం తర్వాత, ఒక్కోసారి కొన్ని వారాల తర్వాత జ్వరం బయటపడుతుంది. అంటే మీరు వరంగల్ తిరిగొచ్చాక అమ్మగారికి జ్వరం రావచ్చు. అప్పటికి డిపాజిట్ ఖాళీ, లోన్ కిస్తీ మొదలు, ఆవిడకు పాలసీ లేదు. ఆస్పత్రి కౌంటర్ దగ్గర అడ్వాన్సు ఎక్కడి నుంచి కడతారు? చాలామంది ఆ క్షణంలోనే లోన్ యాప్‌లు తెరుస్తారు. అక్కడి నుంచి బయటపడటానికి ఏళ్లు పట్టిన కుటుంబాలను నేను చూశాను.

అందుకే నా మాట ఇది: ముందు ఆపద నిధి, తర్వాతే ప్రయాణం. మీ ఖర్చు ప్రకారం ఆరు నెలలకు 3,72,000 కావాలి. ఇంకా 2,12,000 తక్కువ. నెలకు 24,000 మిగులుతోంది కాబట్టి తొమ్మిది నెలల్లో అది నిండుతుంది. ఆ తొమ్మిది నెలలూ ఆ సొమ్ముకు వేరే పని చెప్పకండి. ఉద్యోగం పోయినా ఇంటి కిస్తీ ఆగదు కదా.

ఇక మీరడిగిన లోన్. 14 శాతం వడ్డీకి 3 లక్షలు, మూడేళ్లు అనుకుంటే నెలకు సుమారు 10,250 కట్టాలి. వడ్డీ ఒక్కటే 69,000 దాటుతుంది. రెండు వారాల సెలవు కోసం 36 నెలలు కట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. క్రెడిట్ కార్డు మాట ఇంకా దారుణం. కెన్యాలో చిన్న దుకాణాల దాకా ఎంపెసా మొబైల్ చెల్లింపులే నడుస్తాయి, కార్డు అన్నిచోట్లా గీకలేరు. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, దానిపైన ఫీజు, విదేశీ మారకం చార్జీ. స్థానిక ఖర్చులు బావగారి ఎంపెసాతో కట్టించి, లెక్క రాసుకుని తర్వాత ఆయనకు ఇచ్చేయండి. భార్య నగల మీద లోన్, చిట్టీ పాట తొందరపడి పాడుకోవడం కూడా ఈ ట్రిప్‌కు వద్దు.

టికెట్ల కంటే ముందు తేలాల్సింది మరొకటుంది. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకపోతే మన దగ్గర ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. 60 దాటినవాళ్లకు ఈ టీకా వేయాలా వద్దా అన్నది డాక్టర్ పరీక్షించి తేల్చాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. అమ్మగారి విషయం అక్కడ తేలకుండా రీఫండ్ రాని టికెట్ కొంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఎప్పుడు వెళ్లినా నలుగురికీ ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. మన హెల్త్ పాలసీలు సాధారణంగా విదేశాల్లో చికిత్సకు వర్తించవు. అమ్మగారి షుగర్‌ను దాచకుండా రాయండి, ముందునుంచీ ఉన్న జబ్బుకు కవర్ ఉందో లేదో కాగితం మీద చూసుకోండి. పెద్ద ఆస్పత్రికి విమానంలో తరలించే ఖర్చు అందులో ఉండి తీరాలి. కిసుములో పెద్ద సమస్య వస్తే నైరోబీ తీసుకెళ్లాల్సి రావచ్చు, రోడ్డు మీద దాదాపు 350 కిలోమీటర్లు. అమ్మగారికి ఇక్కడ కూడా విడిగా పాలసీ చూడండి.

మీరనుకున్న ఏప్రిల్, మే నెలలు అక్కడ పెద్ద వానల కాలం. జనవరి, ఫిబ్రవరి పొడిగా ఉంటాయి. మారా ప్రవేశ రుసుము కూడా జనవరి నుంచి జూన్ దాకా పెద్దవాళ్లకు రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. కాబట్టి నిధి నిండాక మరో ఏడాది అదే 24,000 దాచండి, 2,88,000 అవుతుంది. ఆ తర్వాత వచ్చే సంక్రాంతికి కాస్త సెలవు కలుపుకుని, ఒక్క రూపాయి అప్పు లేకుండా వెళ్లొచ్చు. మారా తీసేస్తే మీ లెక్క దాదాపు ఆ సొమ్ములోనే సరిపోతుంది. బాబుకు కిసుములోనే చూడటానికి బోలెడుంది: ఊళ్లోనే ఇంపాలా అభయారణ్యం, డుంగా దగ్గర పడవ షికారు, నీటి ఏనుగులు, కొంత దూరంలో మాసెనో దగ్గర భూమధ్యరేఖ. ఒడ్డున వేయించిన తిలాపియా చేప తినండి. సరస్సులోకి మాత్రం బాబును దించకండి, ఆ నీళ్లలో బిల్హార్జియా పరాన్నజీవి ఉంటుంది. గుర్రపుడెక్క అల్లుకున్న రోజుల్లో పడవలు కదలడమే కష్టం, వెళ్లేముందు బావగారిని అడగండి.

అన్నాళ్లు అమ్మగారు ఆగలేరంటారా? అక్కను ఈ ఏడాది ఇక్కడికి రమ్మనండి. బావగారి కంపెనీ సెలవులకు టికెట్ ఇస్తుందేమో కనుక్కోండి. ఆ ఫోన్ ఈ రోజే చేయండి. ఈ నెల మిగిలే 24,000ను జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి.