నువ్వు అనుకున్న పేరే స్నేహితురాలు పెట్టుకుంటే

అమ్మాయ్,

నీ బిడ్డకని అనుకున్న పేరు నీ స్నేహితురాలు తన పాపకు పెట్టేసిందని రాశావు, ఇంత చిన్న విషయానికి ఏడుపొస్తోందేంటని అడిగావు. చిన్నదేం కాదు. పుట్టబోయే బిడ్డ ముఖం ఎలా ఉంటుందో తెలియని నెలల్లో నీ చేతిలో ఉన్నది ఆ పేరొక్కటే. అది ఇంకొకరి ఇంట్లో వినపడితే మనసు చివుక్కుమంటుంది మరి.

ఆమె పంపిన ఫోటోకి "పాప ముద్దుగా ఉంది, నువ్వెలా ఉన్నావు?" అని రాసి ఊరుకో. పేరు బాగుందని మాత్రం రాయకు. తర్వాతెప్పుడో నొచ్చుకున్నానని చెప్పబోతే ఆ మెసేజే నీకు అడ్డొస్తుంది. కాన్పయిన మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా చాలామంది తల్లులకు ఊరికే కన్నీళ్లొస్తాయి, మామూలుగా రెండు వారాల్లో సర్దుకుంటాయి. అందాకా ఈ సంగతి ఎత్తొద్దు.

ఈలోగా నీ పాత మెసేజ్‌లు తిరగేసి చూడు. ఆ పేరు ఆమెకు నిజంగా చెప్పావా, "ఒక పేరు అనుకున్నాం" అని మాత్రమే అన్నావా? చాలాసార్లు రెండోదే జరిగి ఉంటుంది. పైగా ఒక ఈడు వాళ్లం ఒకే రకం పేర్లు వింటూ ఉంటాం కాబట్టి, ఇద్దరికీ ఒకటే నచ్చడం వింతేం కాదు. చెప్పినా, గుర్తుండి కూడా పెట్టిందనుకో, అప్పుడు నీ బాధ పేరు పోయినందుకు కాదు, ఒక్క మాటైనా అననందుకు. ఈ రెండూ కలిపేసి మాట్లాడితే ఎటూ తేలదు.

మాట్లాడేటప్పుడు ఫోన్ చెయ్యి, మెసేజ్ వద్దు. "ఆ పేరు మా బిడ్డకని అనుకున్నాను. విన్నప్పుడు కాస్త బాధేసింది. మార్చమని కాదు, నీకు చెప్పాలనిపించింది." అంతే, అక్కడ ఆగు. ఆగడమే కష్టం. "నువ్వు కావాలనే" అని నోరు జారావో, ఆమె తనను తాను సమర్థించుకునే పనిలో పడుతుంది, నీ బాధ చెవికెక్కదు. ఇద్దరికీ తెలిసిన మూడో మనిషికి ముందే చెప్పావంటే, నీకంటే ముందు నీ మాట అక్కడికి చేరుతుంది, అదీ రంగు మారి.

పేరు మార్చమని అడగనే వద్దు. నాలుగున్నర నెలలకల్లా పసిబిడ్డ తన పేరు వినపడితే గుర్తుపట్టడం మొదలుపెడుతుంది.

నీ బిడ్డకూ అదే పెట్టుకోవచ్చా అంటే, నిక్షేపంగా. ఇద్దరు పిల్లలూ ఎంత తరచుగా ఒకచోట ఉంటారో చూసుకో చాలు. ఏడాదికి రెండుసార్లయితే ఆలోచించే పనే లేదు. రోజూ కలిసి ఆడుకునేవాళ్లయితే పేరుకు ఇంకో మాట జోడించు. కానీ పుట్టిన రోజు నుంచే రెండూ కలిపి పిలవాలి, కాగితం మీద మాత్రమే ఉన్న రెండో మాట త్వరలోనే రాలిపోతుంది. స్పెల్లింగ్ మార్చి లాభం లేదు, పిలిస్తే రెండూ ఒకటే. పెట్టే ముందు ఆమెకు ఫోన్ చేసి "మేమూ అదే పెడుతున్నాం" అని చెప్పు. "పెట్టుకోమంటావా" అని అడిగావంటే కాదనే హక్కు నువ్వే ఇచ్చినట్టు.

వేరే పేరు వెతుక్కునేట్టయితే ఈ కోపంలో వద్దు. పాతదానిలా ధ్వనించేది అసలే వద్దు, పిలిచినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. కొత్తది పది రోజులు ఇంట్లో పలికి చూడు, పక్క గదిలోంచి గట్టిగా ఒకసారి, నిద్రమత్తులో ఒకసారి.

ఇంకొకటి. పాపను చూడ్డానికి వెళ్లినప్పుడు "బుజ్జీ, కన్నా" అని తప్పించుకోకు, పేరు పెట్టి పిలువు. మొదటిసారి నోరు రాదు. ఇంటి దగ్గరే నాలుగైదుసార్లు అని చూసుకుని వెళ్లు.

నీ పెద్దమ్మ