యాడ్‌కి 10 లక్షల ఇంప్రెషన్లు అంటే 10 లక్షల మంది చూసినట్టేనా?

కాదు. ఆ యాడ్‌ని ఫోన్లు, కంప్యూటర్లలో 10 లక్షల సార్లు చూపించారని మాత్రమే అర్థం. ఎంతమంది మనుషులో ఆ అంకె చెప్పదు.

ఇంప్రెషన్లు లెక్కపెట్టేది సాఫ్ట్‌వేర్. యాడ్ లోడవగానే ఒకటి వేసుకుంటుంది. పొద్దున చూపించిన మనిషికే సాయంత్రం మళ్లీ చూపిస్తే ఇంకొకటి. వేర్వేరు మనుషుల సంఖ్యని రీచ్ అంటారు, ఒక్కొక్కరికి సగటున ఎన్నిసార్లు చూపించారన్నది ఫ్రీక్వెన్సీ. ఈ రెండూ గుణిస్తే ఇంప్రెషన్లు.

ఉదాహరణకి దసరా సేల్‌కి ఒక చీరల షాపు యాడ్ ఇచ్చిందనుకోండి. రీచ్ 2 లక్షలు, ఫ్రీక్వెన్సీ 5 అయితే ఇంప్రెషన్లు 10 లక్షలు. ప్రెస్ నోట్‌లో మాత్రం "10 లక్షల మందికి చేరాం" అని పడుతుంది. అందుకే యాడ్ రంగం మీద డేటా వార్తలు రాసే విలేకరి మొదట అడగాల్సింది రీచ్ ఎంతని. అదీ అంచనాయే అనుకోండి: ఒకే మనిషి లాగిన్ కాకుండా ఫోన్‌లోనూ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనూ చూస్తే ఇద్దరుగా లెక్కపడొచ్చు.

"వ్యూయబుల్ ఇంప్రెషన్" అని రాసుంటే జనం శ్రద్ధగా చూశారనుకోవడం మరో పొరపాటు. అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం, మామూలు బ్యానర్ యాడ్‌లో సగం పిక్సెళ్లు వరసగా 1 సెకను తెర మీద ఉంటే చాలు; వీడియోకి 2 సెకన్లు. మీరు బొటనవేలితో వార్తలు పైకి తోస్తుంటే సగం చీర ఒక్క సెకను కనిపించి పోయినా అది వ్యూయబులే.